25 శాతం సీట్ల పిల్లలు, పెద్ద ఫీజుల స్కూళ్లు: గేటు దాటాక ఏం జరుగుతోంది?

పెన్నాఒడ్డు
విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు స్కూల్లో ఉచిత సీటుకి దరఖాస్తు ఎలా పెట్టాలో చెప్పే థ్రెడ్లు ఇక్కడ ఇప్పటికే ఉన్నాయి. ఇది ఆ తర్వాతి సంగతికి. ఏడాదికి లక్ష, లక్షన్నర, అంతకు మించి వసూలు చేసే స్కూల్లో ఆ సీటుతో చేరిన పిల్లకీ, పూర్తి ఫీజు కట్టి చేరిన పిల్లకీ మధ్య తేడా ఎక్కడెక్కడ పుడుతుంది? దాన్ని నిర్ణయించేది ఎవరు? చట్టం ఎంతవరకు అడ్డుపడగలదు? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. రెండు షరతులు. స్కూళ్ల మీద ఫిర్యాదు చెప్పేటప్పుడు పేర్లు వద్దు. "మావాడికి ఇలా జరిగింది" తరహా కథలకు వేరే థ్రెడ్ ఉంది, అక్కడ రాయండి.

సెక్షన్‌పన్నెండు
ముందు చట్టం ఏం చెప్తుందో పెడతాను, లేకపోతే చర్చ గాల్లో నడుస్తుంది.

2009 చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 12(1)(సి) ప్రకారం ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు స్కూలు కూడా 1వ తరగతి సీట్లలో కనీసం 25 శాతం బలహీన, వెనుకబడిన వర్గాల పిల్లలకు ఇచ్చి, ఎలిమెంటరీ విద్య పూర్తయ్యేదాకా ఉచితంగా చదివించాలి. ప్రీస్కూల్ ఉంటే అక్కడి నుంచే ఇవ్వాలి. దీన్ని సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 12న 2-1 మెజారిటీతో సమర్థించింది. సాయం తీసుకోని మైనారిటీ స్కూళ్లను అప్పుడే మినహాయించింది. 2014లో ప్రమతి కేసులో సాయం తీసుకునే మైనారిటీ స్కూళ్లు కూడా చట్టం పరిధి నుంచి బయటికి వెళ్లాయి. అంటే మీ ఊళ్లో పేరున్న మిషనరీ స్కూలు ఈ లెక్కలో లేదు. భాషా మైనారిటీ గుర్తింపు ఉన్నవీ లేవు. దరఖాస్తు పెట్టేముందు చూసుకోవాల్సిన మొదటి సంగతి ఇదే.

ఆంధ్రప్రదేశ్‌లో ఆ 25 శాతాన్ని ఇలా పంచారు: అనాథలు, హెచ్‌ఐవీ బాధిత పిల్లలు, దివ్యాంగులకు 5, ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, బీసీ, మైనారిటీ, ఓసీల్లో బలహీన వర్గాలకు 6. చివరి 6 శాతానికి ఏడాది ఆదాయం పల్లెల్లో 1.20 లక్షలు, పట్టణాల్లో 1.44 లక్షలు దాటకూడదు. ఎంపిక లాటరీతో. తెలంగాణలో ఈ సెక్షన్ ఏళ్ల తరబడి కాగితం మీదే ఉండిపోయింది. అందుకే ఇక్కడ వచ్చే వివరాలు ఎక్కువగా ఏపీవి అవుతాయి.

చిట్టాఆవర్జా
యాజమాన్యాల వైపు లెక్క కూడా ఉండాలి. ప్రతిసారీ "దోచుకుంటున్నారు" అని మొదలుపెడితే అవతలివాళ్లు వినరు.

చట్టం ప్రకారం ప్రభుత్వం స్కూలుకి కట్టేది రెండింట్లో తక్కువది: స్కూలు అసలు ఫీజు, లేదా ప్రభుత్వం తన సొంత బడుల్లో ఒక్కో పిల్ల మీద పెట్టే ఖర్చు. ఏపీలో 2023లో ఖరారు చేసిన మొత్తాలు పట్టణంలో 8,000, గ్రామాల్లో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100 రూపాయలు, ఏడాదికి.

ఒక ఊహా స్కూలు తీసుకోండి. 1వ తరగతిలో 120 సీట్లు, ఫీజు 1,20,000. 25 శాతం అంటే 30 మంది. ఒక్కొక్కరి దగ్గర 1,12,000 తేడా, మొత్తం 33,60,000. దాన్ని మిగతా 90 మంది మీద వేస్తే తలా 37,333. కరస్పాండెంట్లు తల్లిదండ్రుల మీటింగులో చూపించే అంకె ఇదే. "వాళ్ల ఫీజు మీరు కడుతున్నారు" అనే మాట పుట్టేది ఇక్కడే.

కానీ ఆ అంకె నిజం కావాలంటే ఆ 30 సీట్లకీ పూర్తి ఫీజు కట్టేవాళ్లు గేటు బయట నిలబడి ఉండాలి. 120లో 24 సీట్లు ఎలాగూ నిండని స్కూలైతే, స్కూలు పూర్తి ఫీజు పోగొట్టుకునేది 6 సీట్ల మీదే. 7,20,000 పోయింది, ప్రభుత్వం నుంచి 2,40,000 వచ్చింది, నికరం 4,80,000. దానికి పుస్తకాలు, మధ్యాహ్న భోజనం పెట్టే స్కూలైతే ఆ ఖర్చు కలుపుకోవాలి. టీచరూ, గదీ, కరెంటూ ఎలాగూ ఉన్నవే. కాబట్టి యాజమాన్యం అంకె చెప్పినప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: కిందటేడాది 1వ తరగతిలో ఎన్ని సీట్లు ఖాళీ?

నిజంగా నలిగేది 15 నుంచి 20 వేల ఫీజుతో నడిచే చిన్న స్కూళ్లు. వాళ్లకి తేడా కంటే డబ్బు ఆలస్యంగా రావడమే పెద్ద దెబ్బ. జీతాలు నెలనెలా ఇవ్వాలి, ప్రభుత్వం సొమ్ము ఎప్పుడొస్తే అప్పుడే.

గట్టుమీద
అసలు లక్ష ఫీజు స్కూళ్లకు ఈ పిల్లలు ఎంతమంది వెళ్తున్నారండీ? జాబితాలు చూస్తే ఎక్కువమంది వీధి చివరి స్కూళ్లలోనే కనిపిస్తారు.

సెక్షన్‌పన్నెండు
గట్టుమీద గారూ, దానికి కారణం దూరం నిబంధన. ఏపీలో ముందు కిలోమీటరు లోపు పిల్లలకి, తర్వాత మూడు కిలోమీటర్ల లోపు వాళ్లకి ప్రాధాన్యం. పెద్ద క్యాంపస్‌లు ఎక్కడ ఉంటాయి? బైపాస్ పక్కన, విల్లాల మధ్య, ఇరవై ఎకరాల్లో. కిలోమీటరులో ఉండే పేదవాళ్లు ఆ విల్లాల్లో పనిచేసేవాళ్లు, వాచ్‌మన్ కుటుంబాలు, కట్టుబడి కూలీలు. వాళ్ల ఆధార్‌లో సొంతూరి చిరునామా. ఇంటి యజమాని అద్దె ఒప్పందం రాసివ్వడు. చిరునామా రుజువు దగ్గరే ఆగిపోతారు. గడువుకి ముందే ఆధార్‌లో చిరునామా మార్పించుకోవడం, లేదా ఇప్పుడుంటున్న చోటు పేరు మీద ఉపాధి హామీ కార్డో, రేషన్ కార్డో, కరెంటు బిల్లో చూసుకోవడం తప్ప దారి లేదు.

పుట్టిన తేదీ కూడా చూసుకోండి. రాష్ట్ర సిలబస్ స్కూళ్లకి జూన్ 1 లెక్క, సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ, ఐబీ వాటికి ఏప్రిల్ 1 లెక్క. ఏప్రిల్, మే నెలల్లో పుట్టిన పిల్లల దరఖాస్తులో సిలబస్ తప్పుగా ఎంచుకుంటే ఆ ఏడు పోయినట్టే.

బస్సు ఫీజు మాత్రం సాధారణంగా తల్లిదండ్రులే కట్టుకోవాలి. మూడో కిలోమీటరులో ఉన్న ఇంటికి అది చిన్న మొత్తమేమీ కాదు.

రాజీపడను
నేను వ్యతిరేకం. చట్టం మంచిదే కావచ్చు, పిల్ల సంగతేమిటి? ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్‌లో మాట్లాడుకుంటున్న ముప్పై మంది మధ్యలో 1వ తరగతిలో వచ్చి పడుతుంది. పక్కవాడి పుట్టినరోజుకి గోవా వెళ్లారట, ఈ పిల్ల నాన్న ఆటో. ఇమడలేక మానేస్తుంది. దానికంటే మంచి ప్రభుత్వ బడి నయం. పైగా డబ్బున్న పిల్లలకి దీనివల్ల ఒరిగేది ఏముంది, చదువు పాడవడం తప్ప?

నల్లబల్ల
రాజీపడను గారూ, మీ రెండో ప్రశ్నకి కొలిచిన జవాబు ఉంది. ఢిల్లీలో ప్రభుత్వ భూమి చవగ్గా పొందిన ప్రైవేటు స్కూళ్లు 2007 నుంచి పేద పిల్లల్ని చేర్చుకోవాల్సి వచ్చింది. ఆ స్కూళ్లలో అంతకు ముందు బ్యాచ్‌లనీ, తర్వాతి బ్యాచ్‌లనీ పోల్చి ఆర్థికవేత్త గౌతమ్ రావు చేసిన అధ్యయనం 2019లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూలో వచ్చింది. పేద సహాధ్యాయులున్న ధనిక పిల్లలు ఎక్కువ ఉదారంగా ఉన్నారు, సేవా పనులకి ఎక్కువ ముందుకొచ్చారు, రిలే పరుగులో జతని ఎంచుకునేటప్పుడు పేద పిల్లల్ని పక్కన పెట్టడం తగ్గింది. హిందీ, లెక్కల మార్కుల మీద ప్రభావం కనిపించలేదు. ఇంగ్లిష్‌లో కొద్దిగా తగ్గుదల ఉంది. బూతుమాటలు కాస్త పెరిగాయి, కొట్లాటలు పెరగలేదు. తూకం మీరే వేసుకోండి.

అందులో నాకు అన్నిటికంటే పనికొచ్చేది వేరే వివరం. కొన్ని స్కూళ్లలో పిల్లల స్టడీ గ్రూపులను పేర్ల అక్షరక్రమంలో వేసేవారు. కాబట్టి ఎవరి పక్కన ఎవరు పడ్డారన్నది యాదృచ్ఛికం. అలా ఒకే బృందంలో పడి కలిసి పనిచేయడమే మార్పులో ముఖ్య భాగం. ఒకే కప్పు కింద ఉంటే చాలదు.

ఇప్పుడు మన దగ్గర ఏం జరుగుతుందో చూడండి. లాటరీ జాబితా వచ్చేసరికి మిగతా పిల్లల రోల్ నంబర్లు ఇచ్చేసి ఉంటారు. కొత్తవాళ్లని పట్టీ చివర, 31 నుంచి 40 దాకా చేరుస్తారు. ఆ తర్వాత ఏడాదంతా జతలు, ల్యాబ్ బృందాలు, పరీక్ష సీటింగ్, విహారయాత్ర గదులు అన్నీ రోల్ నంబరు ప్రకారమే. ఆ పదిమందికి ఆ పదిమందే స్నేహితులు. ఎవరికీ చెడు ఉద్దేశం అక్కర్లేదు, ఎక్సెల్ షీట్ చాలు. జాబితా పూర్తయ్యాక ఒకరోజు కూర్చుని అక్షరక్రమంలో నంబర్లు మళ్లీ వేస్తే సరిపోతుంది. మూడో వారం దాటితే పుస్తకాల మీద లేబుళ్లు, యాప్, ఐడీ కార్డులు అన్నీ మార్చాల్సి వస్తుంది, అప్పుడు ఎవరూ చేయరు.

రెండోది స్కూల్ యాప్. ఫీజు విభాగంలో "ఆర్‌టీఈ" (విద్యాహక్కు సీటు) అని ఒక గుర్తు ఉంటుంది. అది అకౌంట్స్‌కి మాత్రమే కనబడాలి. చాలాచోట్ల క్లాస్ టీచర్ లాగిన్‌లోనూ, హాజరు పట్టీ ప్రింట్‌లోనూ పేరు పక్కనే వస్తుంది. అడ్మిన్ సెట్టింగుల్లో ఆ కాలమ్‌ని టీచర్ పాత్ర నుంచి తీసేయమని అడగండి. పని ఐదు నిమిషాలది.

మూడోది ఇంటిపని. థర్మాకోల్ నమూనా, రంగు ప్రింట్లు, ఎల్లో డే, ఫ్యాన్సీ డ్రెస్. ఇవన్నీ పిల్లకి కాదు, తల్లిదండ్రులకి పరీక్షలు. ప్రాజెక్టు సామాను స్కూలే ఇచ్చి క్లాసులోనే చేయిస్తే సగం గొడవ పోతుంది.

నాలుగోది భాష. మీ మొదటి మాట నిజమే, రెండేళ్ల తేడా ఉంటుంది. చట్టం ప్రీస్కూల్ నుంచి చేర్చుకోమన్నా ఇక్కడ ప్రవేశాలు 1వ తరగతిలోనే జరుగుతున్నాయి కాబట్టి. దానికి ప్రత్యేక క్లాసు పెట్టేటప్పుడు స్కూళ్లు ఆటల పీరియడ్‌లోనో, డ్రాయింగ్ పీరియడ్‌లోనో ఆ పిల్లల్ని లేపి తీసుకెళ్తాయి. అందరూ చూస్తుండగా లేపడం ఒక దెబ్బ, ఇంగ్లిష్ అక్కర్లేకుండా కలిసే ఒకే ఒక్క చోటు ఆటలు, అదీ పోవడం రెండో దెబ్బ. మొదటి రెండు నెలలు ఇంగ్లిష్ పీరియడ్‌లోనే అరగంట మొత్తం క్లాసుకి మాటల ఆటలు పెట్టండి. ఎల్‌కేజీ నుంచి ఉన్నవాళ్లలోనూ సగంమందికి అది అవసరమే.

గట్టుమీద
ఆరో తరగతి నుంచి పోటీ పరీక్షల కోసమని "ఫౌండేషన్" సెక్షన్లు, "ఒలింపియాడ్" సెక్షన్లు వేరు చేస్తారుగా? అప్పుడు ఈ రోల్ నంబర్ల కష్టమంతా వృథా.

నల్లబల్ల
అవును, అక్కడే మళ్లీ విడిపోతారు. సెక్షన్ పరీక్షతో వేరు చేశామంటారు, కానీ ఆ సెక్షన్‌కి అదనపు ఫీజు, అదనపు పుస్తకాల సెట్టు ఉంటాయి. 12(1)(సి) పిల్లకి మార్కులొచ్చినా ఫీజు దగ్గర ఆగుతుంది. కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల్లో స్పష్టంగా ఉంది: ఈ పిల్లల్ని మిగతావాళ్ల నుంచి వేరుచేసి కూర్చోబెట్టకూడదు, వేరే చోట, వేరే వేళ క్లాసులు పెట్టకూడదు. పుస్తకాలు, యూనిఫాం, లైబ్రరీ, కంప్యూటర్లు, ఆటలు వేటిలోనూ వివక్ష ఉండకూడదు. ఫౌండేషన్ పీరియడ్ స్కూలు వేళల్లో, టైంటేబుల్లో ఉంటే అది స్కూలు చదువులో భాగమేనన్న వాదన గట్టిది. సాయంత్రం నాలుగు తర్వాత ఉంటే వాదన బలహీనం. యాజమాన్యాలకీ ఇది తెలుసు, అందుకే టైంటేబుల్ కాగితం మీద ఎలా రాస్తున్నారో చూడండి.

తొంభైమంది
అందరూ ఆ 25 గురించే మాట్లాడుతున్నారు. అధికారం ఉన్నది మిగతా 75లో.

సెక్షన్ 13 ప్రకారం ఏ పిల్లనీ, తల్లిదండ్రుల్నీ పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టి ఎంపిక చేయకూడదు. ఇది 75 శాతానికి కూడా వర్తిస్తుంది. మొదటిసారి ఉల్లంఘిస్తే 25,000 దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా. లక్షన్నర ఫీజు స్కూలుకి మొదటి జరిమానా ఒక పిల్ల ఫీజులో ఆరో వంతు. అందుకే "ఇంటరాక్షన్" అనే పేరుతో యథావిధిగా నడుస్తోంది.

2010 నవంబరులో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. 75 శాతానికి స్కూలు తన లక్ష్యాలను బట్టి వర్గాలు పెట్టుకుని, ముందే ప్రకటించి, ఒక్కో వర్గంలో లాటరీ తీయొచ్చు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే ఒక వర్గం, పూర్వ విద్యార్థుల పిల్లలైతే ఒక వర్గం. తల్లిదండ్రుల చదువును బట్టి మాత్రం వడపోయకూడదు. ఇప్పుడు ఆలోచించండి. ముప్పై ఏళ్ల కిందట ఆ స్కూల్లో చదివింది ఎవరు? వాళ్ల పిల్లలకి వేరే పెట్టె, వేరే లాటరీ. తల్లిదండ్రుల డిగ్రీ అడగక్కర్లేదు, అదే పని జరిగిపోయింది.

ఇక డబ్బు. స్కూలు ప్రకటించిన ఫీజు కాకుండా తీసుకునే ఏ విరాళమైనా చట్టం దృష్టిలో క్యాపిటేషన్ ఫీజే. జరిమానా తీసుకున్నదానికి పది రెట్ల దాకా. 50,000 "బిల్డింగ్ ఫండ్" అడిగితే 5 లక్షల దాకా. ఇది పనికొచ్చే సెక్షన్, కానీ రసీదు ఉండాలి. రసీదు అడిగితే సీటు పోతుందని ఎవరూ అడగరు. సీటు కోసం ఇచ్చిన దానికి 80జీ (విరాళాలపై ఆదాయపన్ను) మినహాయింపు కోరడం అదనపు తప్పు.

రాజీపడను
తొంభైమంది గారి మాటతో ఏకీభవిస్తాను, మొదటిసారి. సెక్షన్ల మార్పు, యాన్యువల్ డే ముందు వరస, క్లాస్ లీడరు, ఇవన్నీ ఎవరి ఫోను కరస్పాండెంటుకి చేరుతుందో దాన్ని బట్టి నడుస్తాయి. టీచరు చేతిలో ఏముంది? ఏడాది ఒప్పందం మీద పనిచేసే టీచరు ఒక పెద్దాయన కొడుక్కి తక్కువ మార్కులు వేసి చూడమనండి.

చిట్టాఆవర్జా
అందుకే నోటి మాట మీద వదలకుండా పద్ధతి కాగితం మీద ఉండాలి. సెక్షన్లు ఏటా కంప్యూటర్‌తో కలిపేయడం, మార్పు కోరితే కారణం రాతపూర్వకంగా ఇవ్వడం, ఆ రిజిస్టరు ప్రిన్సిపాల్ దగ్గర ఉండడం. "రాసివ్వండి సార్" అనగానే సగం ఫోన్లు ఆగిపోతాయి.

ఇంకొకటి. సెక్షన్ 21 కింద తల్లిదండ్రులు నాలుగింట మూడొంతులు ఉండే స్కూలు కమిటీ ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకే. సాయం తీసుకోని ప్రైవేటు స్కూలుకి అది లేదు. అక్కడ తల్లిదండ్రుల గొంతు అంటే క్లాస్ వాట్సాప్ గ్రూపే, అది ఇంగ్లిష్‌లో నడుస్తుంది. పేరెంట్స్ మీటింగ్ శనివారం ఉదయం పదకొండుకి. రోజుకూలీకి వెళ్లేవాళ్లకి అది సగం రోజు కూలి. సాయంత్రం ఆరు తర్వాత రెండో వేళ పెట్టి, నోటీసు తెలుగులో కూడా పంపితే స్కూలుకి అయ్యే ఖర్చు సున్నా.

విహారయాత్రలది వేరే సంగతి. విడిగా వసూలు చేస్తే "రానివాళ్ల జాబితా" తయారవుతుంది, ఆ జాబితా చదివితే ఎవరు ఎవరో తెలిసిపోతుంది. వార్షిక ఫీజులోనే కలిపేసి అందరినీ తీసుకెళ్లడం శుభ్రమైన పద్ధతి.

బేగంపేటరైలు
ఒక చరిత్ర ముక్క. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం పెట్టిన జాగీర్దార్ కాలేజీ. జాగీర్లు పోయాక 1951లో పేరు మారింది. మైక్రోసాఫ్ట్ సత్య నాదెళ్ల, అడోబీ శంతను నారాయణ్, ప్రపంచ బ్యాంకు అజయ్ బంగా ముగ్గురూ అక్కడ చదివినవాళ్లే. ఇలాంటి స్కూళ్లు ఇచ్చేది పాఠం ఒక్కటే కాదు, మనుషుల వల. ఆ వల గట్టిపడేది 9 నుంచి 12 మధ్యలో: హౌస్ కెప్టెన్లు, క్లబ్బులు, విదేశీ విశ్వవిద్యాలయాలకి సిఫార్సు లేఖలు రాసే కౌన్సెలర్లు. 12(1)(సి) పిల్ల 8తో బయటికి వచ్చేస్తుంది. వల అల్లుకునే వేళకి తను ఉండదు.

పెన్నాఒడ్డు
దాని గురించే అడుగుదామనుకుంటున్నా. 9వ తరగతికి దారులేమున్నాయి?

సెక్షన్‌పన్నెండు
చట్టం 8తో ఆగుతుంది. ఛత్తీస్‌గఢ్ లాంటి చోట 12 దాకా పొడిగించారు, మన దగ్గర లేదు. కాబట్టి 7వ తరగతి చివర్లోనే పని మొదలుపెట్టాలి.

ఒకటి, అదే స్కూల్లో రాయితీ. యాజమాన్యానికి లేఖ రాసి, ఎంత శాతం, ఏ ఫీజులకి, ఎన్నేళ్లకి అన్నది జవాబుగా కాగితం మీద తీసుకోండి. "చూద్దాంలెండి" అనేది జవాబు కాదు, జూన్‌లో పూర్తి ఫీజు చలానా వస్తుంది. రెండు, నవోదయ 9వ తరగతి లేటరల్ ప్రవేశ పరీక్ష. 8 చదువుతున్నప్పుడే దరఖాస్తు, అదే జిల్లాలో గుర్తింపు ఉన్న స్కూల్లో చదువుతుండాలి, ఖాళీలు కొద్దిగానే ఉంటాయి. మూడు, కేంద్రీయ విద్యాలయంలో ఖాళీలుంటే 9కి ప్రవేశ పరీక్ష. నాలుగు, జిల్లా పరిషత్ హైస్కూలు. దీన్ని చిన్నచూపు చూడకండి, ఇంగ్లిష్ మీడియంలో ఎనిమిదేళ్లు చదివిన పిల్లకి అక్కడ ఇబ్బంది ఉండదు.

టీసీ ఆపితే సెక్షన్ 5 చూపించండి. అడిగిన వెంటనే ఇవ్వాలి, ఆలస్యం చేసిన హెడ్‌ మీద క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చు. ఇది ఎలిమెంటరీ విద్య పూర్తయ్యేలోపు మారే పిల్లలకి రాసిన సెక్షన్, కాబట్టి 8 మధ్యలో మారేవాళ్లకి గట్టిగా పనికొస్తుంది.

గట్టుమీద
ఫిర్యాదు చేస్తే పిల్ల మీద కక్ష కట్టరా?

సెక్షన్‌పన్నెండు
8 పూర్తయ్యేలోపు స్కూలు నుంచి పంపేసే హక్కు వాళ్లకి లేదు, సెక్షన్ 16. మానసిక వేధింపు సెక్షన్ 17 కింద నిషేధం. 2019 సవరణ తర్వాత 5, 8 తరగతుల్లో మళ్లీ పరీక్షలోనూ తప్పితే అదే తరగతిలో ఉంచే వీలు రాష్ట్రాలకి వచ్చింది. కానీ పంపేయడం అప్పుడూ కుదరదు.

ఫిర్యాదు ఒక్కరు కాకుండా ముగ్గురు నలుగురు తల్లిదండ్రులు కలిసి సంతకం చేస్తే ఏ పిల్ల మీదా గురి ఉండదు. ఒక్క పేజీ చాలు: తేదీ, ఏం అడిగారు, ఎవరు అడిగారు, ఎంత. యాప్ మెసేజ్ స్క్రీన్‌షాట్, రసీదు జతచేయండి. ఆవేశపు వాక్యాలు తీసేయండి. ఎంఈఓ ఆఫీసులో ఇచ్చి రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. సెక్షన్ 32 ప్రకారం స్థానిక అథారిటీ మూడు నెలల్లోపు తేల్చాలి. ఆ గడియారం ముద్ర పడిన రోజు నుంచే నడుస్తుంది. కదలకపోతే డీఈఓకి, కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల్లో అదే కాపీ. అక్కడ వచ్చిన నిర్ణయం నచ్చకపోతే అప్పీలు రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కి.

నల్లబల్ల
ఒక చిన్న చేర్పు. ముందు ప్రిన్సిపాల్‌కి అదే విషయం మెయిల్‌లో పెట్టి వారం ఆగండి. రోల్ నంబర్లు, యాప్ గుర్తు, మీటింగు వేళ లాంటివి చాలావరకు అక్కడే తేలిపోతాయి. డబ్బు అడిగినప్పుడూ, సెక్షన్ వేరు చేసినప్పుడూ మాత్రం వారం కూడా ఆగొద్దు.